సమభాగ శ్రుతివిధానములలో త్రిస్వర సంవాదము

సంవాదమను పదము భారతీయ సంగీతశాస్త్రమున అతి ప్రాచీనము. నాట్యశాస్త్రమున ఇరువది యెనిమిదవ అధ్యాయమందు భరతముని స్వరములను వాది, సంవాది, అనువాది, వివాది యని నాలుగు తెగలుగా విభజించి, ఏ రెండు స్వరముల నడుమ తొమ్మిది గాని పదుమూడు గాని శ్రుతుల అంతరముండునో అవి పరస్పర సంవాదులని నిర్ణయించెను. షడ్జగ్రామమున షడ్జమధ్యమముల నడుమ తొమ్మిది శ్రుతులు, షడ్జపంచమముల నడుమ పదుమూడు శ్రుతులు కలవు. ఈ నిర్వచనము రెండేసి స్వరములకు సంబంధించినది. మూడు స్వరములు ఏకకాలమున మ్రోగినపుడు కలుగు సంవాదమును గూర్చిన విచారము ప్రధానముగా ఐరోపా సంగీతమున పెంపొందినది. ఏలయన స్వరములను ఒకదానిపై నొకటి నిలిపి పలికించుటయే అచ్చటి రచనకు ఆధారము. అట్టి స్వరముల కూటమిని వారు కార్డ్ అందురు. మూడు స్వరముల కూటమిని ఇచ్చట స్వరత్రయమని వ్యవహరింపవచ్చును.

నేడు లోకమున విశేషముగా వ్యాప్తిలోనున్న పియానో, హార్మోనియము మొదలగు మెట్ల వాద్యములలో స్థాయి పన్నెండు సమభాగములుగా ఖండింపబడియున్నది. పన్నెండునకు మారుగా పందొమ్మిది, ఇరువది రెండు, ముప్పదియొకటి, ఏబదిమూడు సమభాగములు చేసి చూచినవారు పలువురు కలరు. భాగములు పెరిగినకొలది స్వరత్రయము శుద్ధమగునని తొలిచూపునకు తోచును. సంఖ్యలను పరిశీలించినచో విషయము వేరుగానున్నది. స్వరత్రయమందలి మూడు అంతరముల దోషములును ఒకదానితో నొకటి ముడివడియున్నవి. ఒక్క అంతరమును బట్టి విధానమును మెచ్చుటకు గాని నిందించుటకు గాని వీలులేదు. ఒక స్వరత్రయము శుద్ధమైనను, దాని నుండి మరియొకదానికి పోవు మార్గము శుద్ధముగా నుండునని చెప్పుటకును వీలులేదు. ఈ రెండంశముల వివరణమే ఈ వ్యాసమునకు విషయము.

1. స్వరత్రయ సంవాదమునకు మూలము

తంత్రిని మీటినపుడు ఒక్క నాదము మాత్రమే పుట్టదు. మూలనాదముతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల పౌనఃపున్యము గల నాదములును పుట్టును. భౌతికశాస్త్రమున వీనికి అనుస్వరములని పేరు. మూడవ అనుస్వరము పై స్థాయి పంచమము. ఐదవది రెండు స్థాయిల మీది అంతరగాంధారము. చక్కగా శ్రుతి చేసిన తంబురాలో మంద్రషడ్జ తంత్రి నుండి ఎవ్వరును మీటని గాంధారము వినవచ్చుటకు ఇదియే కారణము. నాలుగు, ఐదు, ఆరవ అనుస్వరములను వరుసగా గ్రహించినచో షడ్జ అంతరగాంధార పంచమములు 4:5:6 నిష్పత్తిలో లభించును. ఐరోపీయులు మేజర్ అని పిలుచు స్వరత్రయమిదియే. అంతరగాంధారమునకు మారుగా సాధారణగాంధారమును నిలిపినచో 10:12:15 నిష్పత్తి గల మైనర్ స్వరత్రయమేర్పడును.

నిష్పత్తి ఇంచుక చెదరినచో ఏమగును? జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో వెలువరించిన గ్రంథమున దీనికి సమాధానము చెప్పెను. షడ్జము యొక్క ఐదవ అనుస్వరమును, అంతరగాంధారము యొక్క నాల్గవ అనుస్వరమును శుద్ధ నిష్పత్తిలో ఏకీభవించును. గాంధారము కొంచెము హెచ్చినను తగ్గినను అవి రెండుగా విడివడి, నాదము క్షణక్షణము హెచ్చుచు తగ్గుచు వినబడును. ఈ హెచ్చుతగ్గులను విస్పందనములందురు. సెకనునకు ఒకటి రెండు విస్పందనములు చెవికి బాధ కలిగింపవు. పదులసంఖ్యలోనికి పోయినచో నాదము గరుకుగా తోచును. 1965లో ప్లోంప్, లెవెల్ట్ అను డచ్చి పరిశోధకులు ప్రయోగముల మూలమున ఈ గరుకుదనమునకు కొలత నేర్పరచిరి.

అయినను స్వరత్రయమును కేవలము మూడు జంటల మొత్తముగా భావించుట చాలదు. పన్నెండు భాగముల విధానమున షడ్జము, అంతరగాంధారము, శుద్ధధైవతము కలిపి పలికింపుడు. ఇందలి ప్రతి జంటయు విడిగా సంవాదమనియే లెక్కింపబడును. మూడును కలిసినపుడు మాత్రము శ్రోతకు నిలుకడ లేని, ఎటో పోవలసినట్లు తోచు నాదము వినబడును. 2006లో నార్మన్ కుక్, ఫుజిసావా అను పరిశోధకులు దీనికి కారణమును సూచించిరి. స్వరత్రయమందలి రెండు అంతరములు సమానమైనపుడు మధ్యస్వరము ఎటు మొగ్గవలయునో తెలియక నిలిచిపోవును. ఈ సమానత్వమే ఉద్వేగమునకు మూలమని వారి సిద్ధాంతము. మేజర్ మైనర్ స్వరత్రయములలో రెండు అంతరములును అసమానములు. కావుననే అవి నిలుకడగా తోచును.

గణితజ్ఞుడు ఆయిలర్ 1739లోనే స్వరత్రయమును ఒక్క వస్తువుగా కొలుచుటకు యత్నించెను. నిష్పత్తిలోని సంఖ్యల కనిష్ఠ సామాన్య గుణిజమును గ్రహించి, దాని ప్రధాన కారణాంకముల నుండి మాధుర్యశ్రేణిని అతడు గణించెను. 4:5:6నకు గుణిజము 60, 10:12:15నకును 60. రెండింటికిని తొమ్మిదవ శ్రేణియే లభించును. ఈ కొలతలో రెండు స్వరత్రయములును సమానములు. చెవికి మాత్రము అవి ఒక్కటి కావు. జంటలను మాత్రమే కొలుచుటలో నొక లోపమున్నట్లే, కేవలము సంఖ్యను కొలుచుటలోను ఒక లోపము కలదని దీనివలన గ్రహింపవచ్చును.

2. దోషముల పరస్పర బంధము

స్థాయిని 1200 సెంట్లుగా భావించు పద్ధతిని అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రచారమునకు తెచ్చెను. ఈ కొలతలో శుద్ధపంచమము 702.0 సెంట్లు, శుద్ధ అంతరగాంధారము 386.3 సెంట్లు. గాంధారము నుండి పంచమమునకు గల అంతరము 315.6 సెంట్లు. చివరి రెండింటిని కూడినచో మొదటిది వచ్చును. ఇది సామాన్య విషయమే గాని దీని ఫలితము గంభీరమైనది. ఏ సమభాగ విధానమున చూచినను, పంచమ దోషము గాంధార దోషమునకును, గాంధారపంచమాంతర దోషమునకును మొత్తముగనే ఉండి తీరవలెను.

పన్నెండు భాగముల విధానము నుదాహరణముగా గ్రహింపవచ్చును. చీనా రాజకుమారుడు ఝూ జైయు 1584లో దీనిని కచ్చితముగా గణించెను. ఇందు పంచమము 700 సెంట్లు. దోషము రెండు సెంట్లు మాత్రమే. గాంధారము 400 సెంట్లు; దోషము 13.7 హెచ్చు. గాంధారపంచమాంతరము 300 సెంట్లు, దోషము 15.6 తక్కువ. రెండు పెద్ద దోషములు పరస్పర విరుద్ధములగుటచే ఒకదానినొకటి కప్పివేసికొని, పంచమమును నిర్దోషముగా చూపుచున్నవి. పంచమమును మాత్రము విని వాద్యమును మెచ్చువానికి ఈ సంగతి తెలియదు. స్వరత్రయమును మ్రోగించినవాని చెవికి తెలియును.

షడ్జమును 240 హెర్ట్జ్‌గా గ్రహించి లెక్కింపగా వివిధ విధానములలో మేజర్ స్వరత్రయ దోషములును, సెకనునకు విస్పందనములును ఇట్లున్నవి. ప్రతి పంక్తియందును పంచమము, అంతరగాంధారము, గాంధారపంచమాంతరము అను క్రమమున సంఖ్యలీయబడినవి.

12 భాగములు: దోషములు −2.0, +13.7, −15.6 సెంట్లు, విస్పందనములు 0.8, 9.5, 16.3.
19 భాగములు: దోషములు −7.2, −7.4, +0.1 సెంట్లు, విస్పందనములు 3.0, 5.1, 0.15.
22 భాగములు: దోషములు +7.1, −4.5, +11.6 సెంట్లు, విస్పందనములు 3.0, 3.1, 12.1.
31 భాగములు: దోషములు −5.2, +0.8, −6.0 సెంట్లు, విస్పందనములు 2.2, 0.5, 6.2.
53 భాగములు: దోషములు −0.1, −1.4, +1.3 సెంట్లు; విస్పందనములు 0.03, 1.0, 1.4.

3. విధానముల గుణదోషములు

భాగములను పెంచినంత మాత్రమున లాభము లేదనుటకు ఇరువది నాలుగు భాగముల విధానమే సాక్ష్యము. పన్నెండింటిని రెట్టింపు చేసినను శుద్ధగాంధారమునకు సమీపస్వరము మరల ఆ 400 సెంట్లదే. క్రొత్తగా లభించు 350 సెంట్ల స్వరము పంచమమును సరిగా రెండు సమభాగములు చేయును. కుక్, ఫుజిసావాల సిద్ధాంతము ననుసరించి అట్టి స్వరత్రయము నిలుకడను కాక ఉద్వేగమునే కలిగింపవలెను. ఏకస్వర సంగీతమున అట్టి స్వరమునకు సొగసు కలదు. అరబ్బుల సంగీతమే దానికి తార్కాణము. అది వేరు విషయము.

పందొమ్మిది భాగముల విధానమున పంచమము పన్నెండు భాగముల పంచమముకంటె మూడు రెట్లకు పైగా చెడినది. అయినను పంచమ గాంధారములు రెండును ఇంచుమించు సమానముగా తగ్గుటచే, వాని నడిమి అంతరము దాదాపు పరిశుద్ధమైనది. స్పెయిను దేశీయుడు, అంధుడైన సాలినాస్ పండితుడు 1577లో ప్రకటించిన గ్రంథమున వర్ణించిన ఒక శ్రుతిక్రమము దీనికి అత్యంత సమీపమున నున్నది. ఈ విధానమున పంచమము సొంపు తగ్గినను స్వరత్రయము మొత్తము మీద శాంతముగా వినబడును.

ముప్పదియొక భాగముల చరిత్ర సుదీర్ఘమైనది. విచెంటీనో అను ఇటలీ సంగీతజ్ఞుడు 1555లో రోము నగరమున ప్రకటించిన గ్రంథమున, స్థాయికి 36 మెట్లు గల తన వాద్యమును వర్ణించెను. దాని శ్రుతిక్రమమును ముప్పదియొక భాగములుగా పండితులు గ్రహింతురు. డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1691లో దీని గణితమును వివరించెను. ఆ దేశమునకే చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు ఫోకర్ పూనికతో 1950లో హార్లెం నగరమందలి టైలర్స్ మ్యూజియమున ముప్పదియొక భాగముల ఆర్గన్ వాద్యము నెలకొల్పబడినది. 2009 నుండి అది ఆమ్‌స్టర్‌డామ్ నగరమున నున్నది. ఈ విధానమున గాంధారము దాదాపు నిర్దోషము. ఏడవ అనుస్వరమును ఇందు చక్కగా లభించును. 4:5:7 నిష్పత్తి గల స్వరత్రయమున ఇచ్చటి గరిష్ఠ దోషము రెండు సెంట్ల లోపు. పన్నెండు భాగములలో అది 31 సెంట్లు. పియానోపై ఊహింపనైన వీలులేని క్రొత్త సంవాదము ఇచ్చట చేతికందును.

ఏబదిమూడు భాగముల మూలము చీనా దేశమున కలదు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దికి చెందిన జింగ్ ఫాంగ్ ఏబదిమూడు పంచమములను వరుసగా పేర్చినచో బయలుదేరిన స్వరమునకు అతి సమీపమునకు మరల చేరుదుమని గుర్తించెను. వ్యత్యాసము నాలుగు సెంట్లకు లోపు. 1870 దశకమున ఇంగ్లండున బోసాంకెట్ ఈ విధానమున హార్మోనియమును నిర్మింపజేసెను. పై పట్టిక ననుసరించి చూచినచో దీనికి సాటి లేదు. మూడు అంతరములును శుద్ధప్రాయములు. అట్లయిన లోకమెల్ల దీనినే ఏల స్వీకరింపలేదు? మెట్ల సంఖ్య ఒక కారణము. దానికంటె సూక్ష్మమైన కారణము మరియొకటి కలదు. అది భరతుని గ్రామవిభాగమునకు సన్నిహితమైనది.

4. ప్రమాణశ్రుతి యొక్క పునరాగమనము

ఐరోపా సంగీతమున స్వరత్రయములు ఒకదాని తరువాత నొకటి నడచునపుడు ఒకదానిలోని స్వరమును మరియొకదానిలో నిలిపియుంచుట పరిపాటి. షడ్జము మూలముగా బయలుదేరి ధైవత, రిషభ, పంచమ మూలములుగా గల స్వరత్రయముల మీదుగా మరల షడ్జమునకు వచ్చు నడక మిక్కిలి సామాన్యము. ప్రతి స్వరత్రయమును శుద్ధముగానుంచి, నిలిచిన స్వరమును కదల్పక నడచినచో, చివర చేరు షడ్జము మొదటి షడ్జమునకు 81:80 నిష్పత్తిలో, అనగా 21.5 సెంట్లు తక్కువగా నుండును. నాలుగు శుద్ధపంచమములను పేర్చి, రెండు స్థాయిలు తగ్గించినపుడు వచ్చు గాంధారము శుద్ధగాంధారముకంటె ఇంతే హెచ్చు.

ఏబదిమూడు భాగములలో ఈ నడకను లెక్కింపవచ్చును. షడ్జము 0, ధైవతము −14, అచ్చట నుండి 22 ఎక్కి రిషభము 8, మరల 22 ఎక్కి పంచమము 30, అచ్చట నుండి 31 దిగి షడ్జము −1. గాయకబృందము బయలుదేరిన చోటికి చేరలేదు; ఒక్క భాగము, అనగా 22.6 సెంట్లు జారినది. నాలుగు మార్లు ఆవర్తనమైనచో జారుడు దాదాపు ఒక అర్ధస్వరమునకు సమీపించును. ముప్పదియొక భాగములలో ఇదే నడక 0, −8, 5, 18, 0 అని సరిగా మూతపడును. పన్నెండు, పందొమ్మిది భాగములలోను మూతపడును. ఈ మూడు విధానములును 81:80 అను సూక్ష్మాంతరమును మ్రింగివేయుటచే ఆ సౌకర్యము కలిగినది. మ్రింగినదాని బరువే వాని గాంధార పంచమములలో దోషరూపమున కనబడుచున్నది. ఏబదిమూడు దానిని మ్రింగలేదు. కావున స్వరత్రయము శుద్ధముగా నిలిచినది, మార్గము మాత్రము జారినది.

ఇరువది రెండు భాగములలో ఇదే నడకను గమనించిన సంస్కృత పాఠకునకు ఆశ్చర్యము కలుగకమానదు. షడ్జము 0, ధైవతము −6, అచ్చట నుండి 9 ఎక్కి రిషభము 3, మరల 9 ఎక్కి పంచమము 12, అచ్చట నుండి 13 దిగి షడ్జము −1. మూడు శ్రుతుల రిషభము షడ్జగ్రామ రిషభము. పండ్రెండు శ్రుతుల పంచమము మధ్యమగ్రామ పంచమము. షడ్జగ్రామమున రిషభ పంచమముల నడుమ పది శ్రుతులు కలవు. కావున అవి సంవాదులు కావు. పంచమమును ఒక శ్రుతి తగ్గించినచో తొమ్మిది శ్రుతులై రిషభముతో సంవాదము కుదురును. షడ్జముతో పదుమూడు శ్రుతుల సంవాదము తప్పును. ఒకే పంచమము ఇరువురితో సంవాదింపజాలదని గుర్తించియే భరతుడు రెండు గ్రామములను వేరుచేసెను; ఆ వ్యత్యాసమునకే ప్రమాణశ్రుతియని పేరిడెను. ఆ శ్రుతిని 81:80గా ఆధునిక వ్యాఖ్యాతలు పలువురు గ్రహింతురు. భరతుడు స్వరత్రయములను గూర్చి చెప్పలేదు. అతని విచారము జాతులకు, మూర్ఛనలకు సంబంధించినది. అయినను ఇరువురి ముందును నిలిచిన చిక్కు ఒక్కటియే.

అట్లని భరతుని ఇరువది రెండు శ్రుతులను ఇరువది రెండు సమభాగములని భ్రమింపరాదు. బోసాంకెట్ 1877లో హిందూ స్థాయీ విభాగమును గూర్చిన వ్యాసమున ఇరువది రెండు సమభాగముల వ్యవస్థను గణితదృష్టితో విచారించెను. గణితముగా అది రమణీయమే. కాని అందు పదుమూడు భాగముల పంచమము 709 సెంట్లు. శుద్ధమునకు ఏడు సెంట్లు హెచ్చు. 240 హెర్ట్జ్ షడ్జముతో సెకనునకు మూడు విస్పందనములు. తంబురాను శ్రుతి చేయువాడు ఈ కదలిక అణగువరకు బిరడాను వదలడు. సంవాదమును చెవితో నిర్ణయించు శాస్త్రమునకు అట్టి పంచమము ప్రమాణము కానేరదు. శ్రుతిసంఖ్య స్వరముల స్థానసంబంధమును తెలుపును. ప్రతి శ్రుతియు సమానమని ఆ సంఖ్య మాత్రమే రుజువు చేయదు.

5. చెవి, వాద్యము, అలవాటు

పై దోషములన్నియు అనుస్వరములు పూర్ణసంఖ్యా నిష్పత్తిలో నున్నవను ఊహపై ఆధారపడినవి. తంత్రీవాద్యములకు, పిల్లనగ్రోవికి ఇది ఇంచుమించుగా సరిపోవును. గంటలకు, కంచుపలకలకు సరిపోదు. విలియం సెథారెస్ 1993లో ప్రకటించిన పరిశోధనమున సంవాదము వాద్యధ్వని స్వరూపముపై ఆధారపడునని, తగిన ధ్వనిని కల్పించినచో అన్య విధానములలోను గరుకుదనమును తగ్గింపవచ్చునని నిరూపించెను. కంప్యూటరు మూలమున ధ్వనిని నిర్మించు ఈ కాలమున ఇది కేవలము సిద్ధాంతము కాదు.

గరుకు లేకపోవుటయు, ప్రీతి కలుగుటయు ఒక్కటేనా యనునది మరియొక ప్రశ్న. మెక్‌డెర్మాట్ మొదలగువారు 2016లో బొలీవియా అరణ్యప్రాంతమున నివసించు చిమానే జనులపై జరిపిన పరిశోధనమున, వారు సంవాద కూటములను వివాద కూటములను సమానముగా ఇష్టపడిరని తేలినది. గరుకు నాదమును మాత్రము వారును మెచ్చలేదు. కావున విస్పందనము భౌతికమైనది, ప్రీతి కొంత అలవాటునకు లోబడినది. పన్నెండు భాగముల గాంధారమునకు అలవడిన చెవికి శుద్ధగాంధారమే మొదట తగ్గినట్లు తోచుటయు ఈ కోవలోనిదే.

దీనినిబట్టి సమభాగ విధానములను తూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. స్వరత్రయమందలి మూడు దోషములు ఎట్లు పంచబడినవి? ఒక స్వరత్రయము నుండి మరియొకదానికి పోవు మార్గము మూతపడునా, జారునా? వాద్యధ్వనికి ఆ విధానము తగునా? పన్నెండు మార్గమును రక్షించి గాంధారమును విడిచినది. ఏబదిమూడు స్వరత్రయమును రక్షించి మార్గమును విడిచినది. పందొమ్మిది, ముప్పదియొకటి పంచమమున కొంత వదలుకొని రెండింటికిని నడుమ నిలిచినవి. స్వరములను శుద్ధముగానుంచి, నడకను కూడ మూయగల సమభాగ విధానము లేదు. ఏలయన 81:80 అను అంతరము నిజముగా ఉన్నది. దానిని దాచవచ్చును, పంచవచ్చును, ఒకచోట ప్రోగుచేయవచ్చును. లేకుండ చేయుటకు వీలులేదు. రెండు వీణలను ఎదుట నుంచుకొని, ఒకదానిని కదల్పక రెండవదాని పంచమమును మెల్లగా దించి భరతుడు చూపినది ఈ అంతరమునే.